అమెరికాలో మీ వ్యక్తిగత సమాచారం మీద మీ హక్కు: ఏ రాష్ట్రంలో ఏమి అడగవచ్చు, ఏ వరుసలో అడగాలి

"శాన్ హోసేలో ఉండే మా అన్నయ్య అడిగితే ఆ కంపెనీ అతని వివరాలన్నీ తుడిచేసింది. అట్లాంటా నుంచి నేను అదే ఉత్తరం పంపితే ఈ హక్కు మీకు వర్తించదని జవాబు వచ్చింది. ఒకే దేశం, ఒకే కంపెనీ. ఇలా ఎందుకు?"

మాటలు మారినా ఇదే ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం దేశమంతటికీ ఒకటే. అమెరికాలో వినియోగదారులందరికీ వర్తించే అలాంటి ఫెడరల్ చట్టం లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకుంటూ వచ్చింది. కాబట్టి మీ హక్కు మీరు కాపురముంటున్న చిరునామాను బట్టి ఉంటుంది. శాన్ హోసే ఉన్న కాలిఫోర్నియాలో అలాంటి చట్టం ఉంది, అట్లాంటా ఉన్న జార్జియాలో లేదు. కంపెనీ కార్యాలయం ఎక్కడ ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

కింది వివరాలు 2026 ఆరంభం నాటి స్థితి. వరుస తప్పకుండా చేయండి. వరుస తప్పితే ఏమి నష్టపోతారో ఆరో మెట్టులో చెబుతాను.

## 1. మీరు ఏ రాష్ట్ర నివాసో తేల్చుకోండి

ఈ చట్టాలన్నీ "నివాసి" అనే మాటే వాడతాయి, పౌరుడు అనవు. హెచ్1బీ మీద పనిచేసేవారు, చదువుకోవడానికి వచ్చినవారు, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు అందరూ తాము ఉంటున్న రాష్ట్రపు చట్టాన్ని వాడుకోవచ్చు. వీసా వివరం ఎవరికీ చెప్పనవసరం లేదు. ఎవరైనా అడిగినా ఇవ్వకండి.

సందర్శకుల వీసా మీద కొన్ని నెలలు వచ్చి ఉండే అమ్మానాన్నల విషయం వేరు. తాత్కాలికంగా వచ్చినవారు సాధారణంగా నివాసుల కిందికి రారు.

క్లయింటు ఒక రాష్ట్రంలో, ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్నవారు ఇంటి చిరునామానే చూసుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు, పన్ను పత్రం, అద్దె ఒప్పందం మూడింటిలోనూ ఒకే రాష్ట్రం ఉంటే ఇక సందేహం లేదు.

## 2. మీ రాష్ట్ర చట్టం ఎంత బలమైనదో చూడండి

2026 జనవరి 1 నాటికి సమగ్ర గోప్యతా చట్టం అమలులో ఉన్న రాష్ట్రాలు 19. ఫ్లోరిడాను కూడా కలిపి 20 అనేవారున్నారు. కానీ ఫ్లోరిడా చట్టంలోని ప్రధాన భాగం ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటిన ఆదాయం ఉన్న, అదీ కొన్ని రకాల కంపెనీలకే పరిమితం. అందుకే నేను దానిని ఈ లెక్కలో కలపను.

కాలిఫోర్నియా. అన్నిటికంటే బలమైనది. 2020లో అమలులోకి వచ్చింది, ఓటర్ల తీర్పుతో 2023 నుంచి మరింత గట్టిపడింది. దీనికోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పనిచేస్తోంది. ఉద్యోగులు, ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారు కూడా తమ సమాచారం అడగగలిగేది ఈ రాష్ట్రంలోనే. రెజ్యూమే, పాస్‌పోర్టు నకలు, వీసా కాగితాలు ఎన్నో కన్సల్టెన్సీల చేతుల్లో పెట్టిన మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే కంపెనీ మూడో మెట్టులో చెప్పే పరిమితి దాటి ఉండాలి. చిన్న కన్సల్టెన్సీలు చాలావరకు దాటవు.

టెక్సస్, న్యూజెర్సీ, కొలరాడో, కనెక్టికట్, ఒరెగాన్, మిన్నెసోటా, మేరీల్యాండ్, డెలావేర్, మోంటానా, నెబ్రాస్కా, న్యూ హాంప్‌షైర్. చూడటం, దిద్దించుకోవడం, తొలగించమనడం, అమ్మకం ఆపమనడం అన్నీ ఉన్నాయి. కాలిఫోర్నియాలోనూ ఈ పదకొండింటిలోనూ బ్రౌజర్ పంపే "అమ్మవద్దు" సంకేతాన్ని కంపెనీలు మన్నించి తీరాలి.

వర్జీనియా, టెన్నెసీ, ఇండియానా, కెంటకీ, రోడ్ ఐలాండ్. హక్కులు దాదాపు అవే, కానీ బ్రౌజర్ సంకేతాన్ని మన్నించాలన్న నిబంధన లేదు. ఒక్కో కంపెనీని విడిగా అడగాలి.

యూటా, అయోవా. బలహీనమైనవి. మీరు స్వయంగా ఇచ్చిన సమాచారాన్ని మాత్రమే తొలగించమని అడగగలరు. కంపెనీ బయట కొనుక్కున్నది మిగిలిపోతుంది. అయోవాలో తప్పులు దిద్దించుకునే హక్కు కూడా లేదు.

జార్జియా, నార్త్ కరోలినా, ఇల్లినాయ్, పెన్సిల్వేనియా, మిషిగన్, ఒహాయో, న్యూయార్క్, వాషింగ్టన్, ఆరిజోనాలలో సమగ్ర చట్టం లేదు. అక్కడ ఉన్నవారికి పదో మెట్టు.

ఒకే మాటకు వేర్వేరు అర్థాలు. ఇక్కడ కాస్త ఆగి చదవండి. చాలామంది తడబడేది ఇక్కడే.

"అమ్మకం" అంటే వర్జీనియా, యూటా, అయోవాలలో డబ్బు చేతులు మారడమే. కాలిఫోర్నియా, కొలరాడో, టెక్సస్, న్యూజెర్సీ వంటి చోట్ల డబ్బు బదులు మరేదైనా విలువైన ప్రతిఫలం పుచ్చుకున్నా అది అమ్మకమే. ఒక దుకాణం తన కొనుగోలుదారుల జాబితాను ప్రకటనల కంపెనీకి ఇచ్చి, బదులుగా విశ్లేషణ సేవలు పొందిందనుకోండి. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఉన్న మీకు "మేము అమ్మము" అని అది జవాబిస్తే చట్టం దృష్టిలో అబద్ధం కాదు. అందుకే వర్జీనియా వారు అమ్మకం ఆపమనడంతో సరిపెట్టుకోకూడదు. "నన్ను లక్ష్యంగా చేసుకుని చూపే ప్రకటనలకు నా సమాచారం వాడవద్దు" అని విడిగా రాయాలి. ఆ హక్కు అక్కడి చట్టంలో ఉంది.

"సున్నితమైన సమాచారం" కూడా అంతే. ఆరోగ్యం, మతం, వేలిముద్రలు, కచ్చితమైన లొకేషన్, ఇమిగ్రేషన్ స్థితి వంటివి ఇందులోకి వస్తాయి. వర్జీనియా, టెక్సస్, న్యూజెర్సీలలో వీటిని వాడాలంటే ముందే మీ సమ్మతి తీసుకోవాలి. కాలిఫోర్నియాలో వాడకాన్ని పరిమితం చేయమని మీరే అడగాలి. యూటా, అయోవాలలో కంపెనీ తెలియజేసి, వద్దనే అవకాశం ఇస్తే చాలు. మేరీల్యాండ్‌లో మాత్రం, మీరు ఒప్పుకున్నా సరే, సున్నితమైన సమాచారం అమ్మకూడదు. కచ్చితమైన లొకేషన్ కొలత సైతం మారుతుంది. వర్జీనియా, టెక్సస్‌లలో 1,750 అడుగుల లోపు, కాలిఫోర్నియాలో 1,850 అడుగుల లోపు.

## 3. కంపెనీ చట్టం కిందికి వస్తుందో లేదో చూడండి

చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి దుకాణమూ దాని కిందికి రాదు.

- కాలిఫోర్నియా: వార్షికాదాయం సుమారు 2 కోట్ల 66 లక్షల డాలర్లు దాటాలి. లేదా లక్ష మంది లేక కుటుంబాల సమాచారం కొనడం, అమ్మడం, పంచుకోవడం చేయాలి. లేదా ఆదాయంలో సగమైనా అలాంటి అమ్మకం నుంచి రావాలి. మూడింటిలో ఒకటి చాలు.
- వర్జీనియా, న్యూజెర్సీ: లక్ష మంది సమాచారం. అమ్మకంతో సంబంధం ఉంటే 25,000 మందికే వర్తిస్తుంది, అందుకు షరతులు రెండు చోట్లా వేరు.
- మేరీల్యాండ్, డెలావేర్: 35,000 మంది.
- టెక్సస్, నెబ్రాస్కా: సంఖ్యా పరిమితి లేదు. ఫెడరల్ నిర్వచనం ప్రకారం చిన్న వ్యాపారమైతే మినహాయింపు. అలాంటి చిన్న వ్యాపారం కూడా సున్నితమైన సమాచారాన్ని సమ్మతి లేకుండా అమ్మకూడదు.

బ్యాంకులు, ఆసుపత్రులు, బీమా కంపెనీల దగ్గరున్న సమాచారంలో చాలా భాగానికి వేరే ఫెడరల్ చట్టాలున్నాయి. టెక్సస్, వర్జీనియాలలో బ్యాంకు మొత్తంగా మినహాయింపు పొందుతుంది. కాలిఫోర్నియాలో ఫెడరల్ చట్టం కిందికి వచ్చే సమాచారానికి మాత్రమే మినహాయింపు. ఆ బ్యాంకు వెబ్‌సైటులో మీ కదలికల మీద నిఘా పెట్టిన సమాచారాన్ని అక్కడ మీరు అడగవచ్చు.

గుళ్లు, తెలుగు సంఘాల గురించి అడుగుతూ ఉంటారు. టెక్సస్, వర్జీనియా, కాలిఫోర్నియా చట్టాలు లాభాపేక్ష లేని సంస్థలను వదిలేశాయి. కొలరాడో, న్యూజెర్సీ, ఒరెగాన్, మిన్నెసోటా వదలలేదు. కానీ పై పరిమితులు చూస్తే మన సంఘాలలో వాటిని అందుకునేవి తక్కువే. అక్కడ కార్యదర్శికి ఫోను చేసి, సభ్యుల జాబితా ఎవరికీ ఇవ్వవద్దని అడగడమే దగ్గర దారి.

## 4. అడగబోయే ముందు సిద్ధం చేసుకోవలసినవి

మన పేర్ల తోనే పెద్ద చిక్కు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనుక ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవారికి మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. డేటా బ్రోకర్ల (మన సమాచారం కొని అమ్మే మధ్యవారి) దగ్గర ఈ రూపాలు ఒక్కొక్కటీ ఒక్కో మనిషిగా నమోదై ఉంటాయి. ఒక రూపాన్ని తీయించి ఊపిరి పీల్చుకుంటే మిగతా రెండూ అక్కడే ఉంటాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- [ ] మీ పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా నమోదైందో అన్ని రూపాలూ
- [ ] పెళ్లికి ముందు పేరు, పొట్టి చేసిన పేరు
- [ ] అమెరికాలో ఇప్పటివరకు ఉన్న చిరునామాలు, స్నేహితులతో కలిసి ఉన్న అపార్టుమెంట్లు సహా
- [ ] పాత, కొత్త ఫోను నంబర్లు
- [ ] అన్ని ఈమెయిళ్లు, ముఖ్యంగా కాలేజీ నాటిది
- [ ] ఈ పనికోసమే తెరిచిన ఒక కొత్త ఈమెయిలు
- [ ] తేదీలు రాసుకోవడానికి ఒక పట్టిక: కంపెనీ, అడిగిన రోజు, ఏమి అడిగారు, గడువు, జవాబు

ఆ పట్టిక లేకుండా మొదలుపెట్టకండి. ఈ చట్టాలన్నీ తేదీల మీద నడుస్తాయి.

## 5. బ్రౌజర్‌లో సంకేతం పెట్టండి

"గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్" అనే సంకేతం ఒకటి ఉంది. దానిని ఒకసారి పెడితే మీరు తెరిచే ప్రతి సైటుకూ "నా సమాచారం అమ్మవద్దు" అని మీ బ్రౌజరే చెబుతుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో ప్రైవసీ భాగంలో ఇది దొరుకుతుంది. బ్రేవ్, డక్‌డక్‌గో బ్రౌజర్లలో అమర్చే ఉంటుంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ చేర్చుకోవాలి. ఇంట్లో ప్రతి కంప్యూటర్‌లోనూ, ప్రతి ఫోనులోనూ విడిగా పెట్టాలి.

కంపెనీలు దీన్ని పట్టించుకుంటాయా అని అడుగుతారు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) 2022లో సెఫోరా కంపెనీ నుంచి 12 లక్షల డాలర్లు రాబట్టారు. ఈ సంకేతాన్ని మన్నించలేదన్నది ఆ కేసులో ఒక ముఖ్యమైన ఆరోపణ.

ఒక లోపం ఉంది. సంకేతం ఆ బ్రౌజర్‌కే వర్తిస్తుంది. మీరు లాగిన్ కాకపోతే మీరెవరో సైటుకు తెలియదు. అందుకే తరచుగా వాడే సైట్లలో ఒకసారి లాగిన్ అయి, సంకేతం పెట్టి ఉండగా పేజీ తెరవండి. అప్పుడు మీ ఖాతాకు కూడా అది ముడిపడే అవకాశం ఉంటుంది.

## 6. నాలుగు అభ్యర్థనలు, ఈ వరుసలోనే

నాకు రాసేవారిలో చాలామంది మొదటి రోజే "అంతా తుడిచేయండి" అని పంపేస్తారు. కోపంలో అలా అనిపించడం సహజమే. కానీ తుడిచేశాక మీ సమాచారం ఎవరెవరికి వెళ్లిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. కంపెనీ తన పుస్తకం చింపేసుకుంటుంది, దాని దగ్గర కొన్నవారి పుస్తకాలు అలాగే ఉంటాయి.

మొదట: అమ్మకం ఆపమనండి. దీనివల్ల కొత్తగా బయటకు పోవడం ఆగుతుంది. సైటు అడుగున "ప్రైవసీ చాయిసెస్" అనే లంకె, పక్కన నీలం, తెలుపు రంగుల చిన్న గుర్తు కోసం చూడండి. కాలిఫోర్నియాలో 15 పనిదినాల్లో అమలు చేయాలి.

రెండు: నకలు అడగండి. మీ గురించి ఏమేమి ఉందో పంపమనండి. ఒరెగాన్, మిన్నెసోటా నివాసులు ఇంకో అడుగు వేయవచ్చు. సమాచారం అందుకున్న సంస్థల పేర్ల జాబితా అడిగే హక్కు వారికి ఉంది. మిగతా చోట్ల చాలావరకు "ప్రకటనల కంపెనీలు, విశ్లేషణ కంపెనీలు" అంటూ రకాలు మాత్రమే చెబుతారు.

మూడు: తప్పులు దిద్దించండి. పుట్టిన తేదీ, పేరు, ఆదాయపు అంచనా తప్పుగా ఉంటే ఇప్పుడే చెప్పండి. మిన్నెసోటాలో ఇల్లు, బీమా, ఉద్యోగం వంటి విషయాల్లో మీ సమాచారాన్ని యంత్రంతో విశ్లేషించి నిర్ణయం తీసుకుంటే, ఆ ఫలితాన్ని ప్రశ్నించే హక్కు, కారణం అడిగే హక్కు ఉన్నాయి.

చివరగా: తొలగించమనండి. ఫొటోలు, రశీదులు, పాయింట్లు అన్నీ ముందు దింపుకోండి. తొలగింపుతో ఖాతా మూతపడవచ్చు. పన్నులకోసం, వారంటీకోసం చట్టప్రకారం ఉంచుకోవలసినవి కంపెనీ ఉంచుకుంటుంది. దానికి కోర్టుకెక్కనవసరం లేదు.

ఉచితంగా ఎన్నిసార్లు అడగవచ్చన్నదీ రాష్ట్రాన్ని బట్టే. కాలిఫోర్నియా, టెక్సస్, వర్జీనియాలలో ఏడాదికి రెండుసార్లు. న్యూజెర్సీ, కొలరాడో, కనెక్టికట్‌లలో ఒకసారి. ఒక్క అవకాశమే ఉన్నవారు నకలు అడిగేటప్పుడు అన్ని పేరు రూపాలూ, అన్ని ఈమెయిళ్లూ ఒకే ఉత్తరంలో పెట్టాలి.

## 7. ఉత్తరంలో ఏమి రాయాలి

కంపెనీ ఫారం పెడితే ఫారమే వాడండి. లేకపోతే దాని గోప్యతా విధానం పేజీలో ఉన్న ఈమెయిలుకు రాయండి. ఇంగ్లీషులో ఐదు వాక్యాలు చాలు:

1. నేను ఫలానా రాష్ట్ర నివాసిని.
2. ఫలానా రాష్ట్ర గోప్యతా చట్టం కింద ఈ అభ్యర్థన చేస్తున్నాను. (మీ రాష్ట్ర చట్టం పేరు అటార్నీ జనరల్ సైటు నుంచి చూసి రాయండి.)
3. నాకు కావలసింది ఇది: అమ్మకం, లక్ష్యిత ప్రకటనలు ఆపడం, లేదా నకలు, లేదా తొలగింపు.
4. మీ దగ్గర నన్ను గుర్తించే వివరాలు ఇవి.
5. చట్టం చెప్పిన గడువులోగా ఈ ఈమెయిలుకే జవాబు ఇవ్వండి.

బెదిరింపులు, మీ కథ, వాళ్ల మీద కోపం ఏవీ వద్దు. అవతల చదివే ఉద్యోగికి పెట్టెలో టిక్కు పెట్టడానికి కావలసింది ఈ ఐదే.

గుర్తింపు రుజువు అడిగితే. అమ్మకం ఆపమనడానికి కాలిఫోర్నియాలో రుజువు అక్కరలేదు. 2025 మార్చిలో అక్కడి గోప్యతా సంస్థ హోండా కంపెనీకి 6,32,500 డాలర్ల జరిమానా వేసింది. అమ్మకం ఆపమన్నవారిని అవసరానికి మించిన వివరాలు అడగడం అందుకు ఒక కారణం. నకలు, తొలగింపులకు మాత్రం మీరు మీరేనని కంపెనీ తేల్చుకోవాలి. ఖాతాలో లాగిన్ అయి పంపితే సాధారణంగా అదే రుజువు. పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ నంబరు పంపకండి. వేరే మార్గం చూపమని అడగండి.

ఇంగ్లీషు రాయడం కష్టమైన పెద్దవాళ్లు ఇక్కడే స్థిరపడి ఉంటే, కాలిఫోర్నియాలో వారి సంతకంతో అనుమతి పత్రం తీసుకుని పిల్లలు అన్ని అభ్యర్థనలూ చేయవచ్చు. కొలరాడో, కనెక్టికట్‌లలో అమ్మకం, లక్ష్యిత ప్రకటనలు ఆపమనడానికి అలా వీలుంది.

## 8. డేటా బ్రోకర్ల సంగతి

కిందటేడాది ఒక బీమా పోలిక సైటులో కారు ధర ఎంత పడుతుందో చూద్దామని నా నంబరు ఇచ్చాను. వారం రోజులు ఫోను ఆగకుండా మోగింది. ఆ సైటును తొలగించమంటే తొలగించింది. ఫోన్లు ఆగలేదు. అప్పటికే నంబరు ఎన్ని చేతులు మారిందో! మీరు నేరుగా ఎన్నడూ పేరు వినని ఆ మధ్యవారే డేటా బ్రోకర్లు.

కాలిఫోర్నియా వారికి: 2023లో చేసిన తొలగింపు చట్టం కింద "డ్రాప్" అనే ప్రభుత్వ వేదిక 2026 జనవరి 1న తెరుచుకుంది. పేరు, పుట్టిన తేదీ, పిన్‌కోడు, ఈమెయిళ్లు, ఫోను నంబర్లు ఒక్కసారి ఇస్తే చాలు. రాష్ట్రంలో నమోదైన 500కు పైగా బ్రోకర్లకు ఒకే అభ్యర్థన వెళుతుంది. బ్రోకర్లు 2026 ఆగస్టు 1 నుంచి వీటిని చేపట్టాలి, ఆపై 45 రోజులకోసారి మళ్లీ చూడాలి. నాలుగో మెట్టులో రాసుకున్న కాగితం ఇక్కడ అక్కరకు వస్తుంది. మీరు నేరుగా సమాచారం ఇచ్చిన దుకాణాలకు మాత్రం ఇది వర్తించదు.

మిగతావారికి: కాలిఫోర్నియా, టెక్సస్, వెర్మాంట్, ఒరెగాన్‌లలో బ్రోకర్లు పేరు నమోదు చేసుకోవాలి. ఆ జాబితాలను ఎవరైనా చూడవచ్చు. చట్టం లేని మిషిగన్‌లోని డెట్రాయిట్‌లో ఉన్నా సరే, వాటిని చిరునామాల పుస్తకంలా వాడుకోండి. పేరు కొడితే ఇంటి చిరునామా చూపించే సైట్లతో మొదలుపెట్టండి. వాటిలో చాలావాటికి, ఏ రాష్ట్రం వారైనా వాడుకోగల తొలగింపు పేజీ ఉంది. కొన్ని నెలల తర్వాత మళ్లీ వెతికి చూడండి. తీసేసిన పేరు తిరిగి చేరడం మామూలే.

ఫోనులోని యాప్‌లను కూడా మరవకండి. 2025 జనవరిలో టెక్సస్ అటార్నీ జనరల్ ఆల్‌స్టేట్ కంపెనీ మీదా, దాని అనుబంధ సంస్థ మీదా దావా వేశారు. యాప్‌లలో దాచిపెట్టిన ప్రోగ్రామ్ ద్వారా డ్రైవర్ల కదలికలను సేకరించారన్నది ఆరోపణ. లొకేషన్ అనుమతిని "వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చండి. అవసరం లేని యాప్‌కు అసలు ఇవ్వకండి.

## 9. గడువు, తిరస్కారం, ఫిర్యాదు

జవాబుకు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 45 రోజులు. కారణం చెప్పి మరో 45 రోజులు పొడిగించుకోవచ్చు. అయోవాలో మొదటి గడువే 90 రోజులు. కాలిఫోర్నియాలో అందిందని 10 పనిదినాల్లో చెప్పాలి.

తిరస్కరిస్తే ఏమి చేయాలి?

- అప్పీలు. టెక్సస్, వర్జీనియా, న్యూజెర్సీ, కొలరాడో వంటి చోట్ల ముందు కంపెనీకే అప్పీలు చేసుకోవాలి. టెక్సస్, వర్జీనియాలలో 60 రోజుల్లో, న్యూజెర్సీ, కొలరాడోలలో 45 రోజుల్లో తేల్చాలి. తిరస్కారం వచ్చిన వారంలోపే అప్పీలు పంపండి.
- కాలిఫోర్నియా, యూటాలలో చట్టంలో అప్పీలు మెట్టు లేదు. నేరుగా ఫిర్యాదే.
- ఫిర్యాదు. దాదాపు అన్నిచోట్లా రాష్ట్ర అటార్నీ జనరల్‌కు. కాలిఫోర్నియాలో గోప్యతా సంస్థకు కూడా. మీ పట్టిక, ఉత్తరం, జవాబు మూడూ జత చేయండి.

ఫిర్యాదు చేస్తే నాకు డబ్బు వస్తుందా అని అడుగుతారు. రాదు. ఈ చట్టాల కింద మీరు సొంతంగా దావా వేయగలిగేది ఒక్క కాలిఫోర్నియాలోనే, అదీ కంపెనీ అజాగ్రత్త వల్ల కొన్ని రకాల సమాచారం దొంగల పాలైనప్పుడు. టెక్సస్, వర్జీనియాలలో అటార్నీ జనరల్ నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో తప్పు దిద్దుకుంటే కంపెనీ జరిమానా నుంచి బయటపడుతుంది. అయినా ఫిర్యాదు వృథా కాదు. ఒకే కంపెనీ మీద పది మంది ఫిర్యాదులు చేరితే అటార్నీ జనరల్ కార్యాలయం దృష్టి అటు మళ్లుతుంది.

## 10. చట్టం లేని రాష్ట్రాల్లో ఉంటే

చేతులు ముడుచుకోనవసరం లేదు.

- [ ] బ్రౌజర్ సంకేతం పెట్టండి. రాష్ట్రాలవారీగా వేరు చేయడం కష్టమని అందరికీ అమలు చేసే కంపెనీలున్నాయి.
- [ ] అదే ఐదు వాక్యాల ఉత్తరం పంపండి, చట్టం పేరు తీసేసి. పెద్ద కంపెనీలు కొన్ని దేశమంతటా అభ్యర్థనలు స్వీకరిస్తాయి.
- [ ] ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల దగ్గరా క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరుతో ఇతరులు కొత్త అప్పు తీసుకోకుండా మీ క్రెడిట్ నివేదికకు వేసే తాళం) పెట్టండి. 2018 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఇది ఉచితం.
- [ ] అడగకుండా వచ్చే క్రెడిట్ కార్డు ఉత్తరాలను ఆపమనే హక్కు కూడా ఫెడరల్ చట్టంలో ఉంది.
- [ ] ఇల్లినాయ్‌లో వేలిముద్ర, ముఖ గుర్తింపుల మీద 2008 నాటి గట్టి చట్టం ఉంది. దాని కింద మీరే దావా వేయవచ్చు.
- [ ] వాషింగ్టన్‌లో ఆరోగ్య సమాచారానికి 2024 నుంచి ప్రత్యేక చట్టం అమలులో ఉంది. అక్కడా సొంతంగా కోర్టుకు వెళ్లే దారి ఉంది.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

పక్క రాష్ట్రపు చట్టం పేరు రాయడం. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు చాలావరకు కాలిఫోర్నియావి. నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి ఆ పేరుతో పంపితే ఒక్క వాక్యంతో తోసిపుచ్చుతారు. మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి.

పని ఈమెయిలు నుంచి పంపడం. కాలిఫోర్నియా తప్ప మిగతా చట్టాలు ఉద్యోగ హోదాలో ఉన్నవారిని వినియోగదారుగా చూడవు. సొంత ఈమెయిలు వాడండి.

జవాబు రాకపోతే వదిలేయడం. 46వ రోజున అదే ఉత్తరాన్ని మొదటి తేదీ చూపిస్తూ మళ్లీ పంపండి. పది రోజులు ఆగి ఫిర్యాదు చేయండి.

డబ్బిచ్చి తీయించే సేవను నమ్మి కూర్చోవడం. కొన్ని బాగానే పనిచేస్తాయి. కానీ వాళ్లకు ఇచ్చేది కూడా మీ పూర్తి వివరాలే. ముందు ఉచిత మార్గాలన్నీ అయ్యాక ఆలోచించండి.

పిల్లల ఖాతాలు మరవడం. పదమూడేళ్ల లోపు వారికి ఫెడరల్ చట్టం ఉంది. ఆ పైన రాష్ట్రాన్ని బట్టి. కాలిఫోర్నియాలో 16 ఏళ్ల లోపు వారి సమాచారం అమ్మాలంటే ముందే సమ్మతి కావాలి. మేరీల్యాండ్‌లో 18 లోపు వారి సమాచారం అమ్మనే కూడదు.

## 12. రాష్ట్రం మారబోతున్నారా?

ప్రాజెక్టు మారితే ఇల్లు మారుతుంది, ఇల్లుతో పాటు హక్కులూ మారతాయి. ఫ్రీమాంట్ నుంచి అట్లాంటాకు వెళ్తున్నవారు సామాను సర్దే ముందే ఈ పని ముగించాలి. అభ్యర్థన పంపేనాటికి మీరు ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలి.

బలమైన రాష్ట్రం విడిచి వెళ్లేవారికి:

- [ ] కనీసం రెండు నెలల ముందు అమ్మకం ఆపే అభ్యర్థనలు, నకళ్లు
- [ ] నకళ్లు అందాక తొలగింపు అభ్యర్థనలు
- [ ] కాలిఫోర్నియా నుంచి అయితే డ్రాప్‌లో నమోదు, అక్కడ ఇచ్చే గుర్తింపు సంఖ్య భద్రం
- [ ] పాత యజమానికీ, కన్సల్టెన్సీకీ విడిగా ఉత్తరం (కాలిఫోర్నియా మాత్రమే)
- [ ] జవాబులన్నీ పీడీఎఫ్‌గా దింపుకోవడం

బలహీనమైన రాష్ట్రం నుంచి డల్లాస్‌కో, ఎడిసన్‌కో వచ్చేవారు మాత్రం తొందరపడకండి. కొత్త చిరునామాతో లైసెన్సు చేతికి వచ్చాక మొదలుపెట్టండి. పాత రాష్ట్రంలో ఉన్నప్పుడు మిమ్మల్ని కాదన్న కంపెనీల పేర్లు పట్టికలో ఉంటాయి కదా, వాటితోనే.